ఆదివారం పది నిమిషాలు: కుక్కనీ పిల్లినీ చేత్తో తడిమి చూసుకోవడం ఎలా

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా కుక్క రెండు రోజులు అన్నం సగం సగం వదిలేసింది. ఎండలకి ఆకలి చచ్చిపోయిందేమో అనుకుని మజ్జిగన్నం కలిపి పెట్టాం. మూడో రోజు మెట్లెక్కబోయి మధ్యలోనే కూలబడింది. ఆటోలో వేసుకుని పరుగెత్తాం. డాక్టరుగారు దాని పెదవి పైకెత్తి చూసి, "చిగుళ్లు మామూలుగా ఏ రంగులో ఉంటాయమ్మా?" అని అడిగారు. మూడేళ్లుగా నా మంచం పక్కనే పడుకునే కుక్క అది. అయినా నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు మాత్రం చిగుళ్లు రక్తం లేనట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పిడుదుల నుంచి వచ్చిన జ్వరం. నెల రోజులు మందులు వాడితే బతికి బయటపడింది.

అప్పటినుంచి ఆదివారం పొద్దున పది నిమిషాలు దానికీ, ఇంట్లో ఉన్న పిల్లికీ కేటాయిస్తున్నాను. ముక్కు నుంచి తోక దాకా చేత్తో తడిమి చూడటం, అంతే. ఇది వైద్యం కాదు. బాగున్న రోజున అది ఎలా ఉంటుందో మీ చేతికి, కంటికి తెలియడం కోసం. అది తెలిస్తే తేడా వచ్చిన రోజు ఇట్టే తెలిసిపోతుంది. ఎలా చూడాలో వరసగా చెప్తాను.

ముందు కావలసినవి

ఒక చిన్న నోట్‌బుక్, దూది, మందుల షాపులో దొరికే సెలైన్ నీళ్లు, కనుబొమ్మలు సర్దుకునే ప్లక్కర్ ఒకటి, సబ్బు నీళ్లు పోసిన చిన్న గిన్నె, దానికంటూ విడిగా పెట్టిన డిజిటల్ థర్మామీటర్. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిముక్కలు నాలుగు పక్కన పెట్టుకోండి. ఒక్కో చోట చూడగానే ఒక్కో ముక్క పెడితే, రెండు మూడు వారాల్లో అదే వచ్చి మీ ముందు కూర్చుంటుంది.

కుక్కకైతే పొద్దున బయట తిరిగి వచ్చి కాస్త స్థిమితపడ్డాక మంచి సమయం. పిల్లి సంగతి వేరు. దాన్ని తరిమి పట్టుకుని చూద్దామనుకుంటే మళ్లీ దగ్గరికి రాదు. ఒళ్లో పడుకుని కునికిపాట్లు పడుతున్నప్పుడు ఈ రోజు చెవులు, రేపు పొట్ట, ఎల్లుండి పాదాలు అని విడతలుగా చూడండి. ఒకేసారి అన్నీ చూడాలన్న నియమమేం లేదు.

ముట్టుకోకముందు: ఊపిరి లెక్క

నిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకల దగ్గర చూస్తే పొట్ట పైకి లేచి కిందికి దిగుతుంది. లేచి దిగితే ఒకటి. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కుక్కయినా పిల్లయినా గాఢనిద్రలో నిమిషానికి 30 లోపే ఉండాలి. కల కంటూ కాళ్లు కదిలిస్తున్నప్పుడు లెక్క పెట్టకండి, ఎక్కువే వస్తుంది. చల్లటి గదిలో హాయిగా పడుకున్నా పదే పదే 30 దాటుతోందంటే గుండెనో ఊపిరితిత్తులనో ఒకసారి చూపించాలి. ముసలి కుక్కల్లో గుండె జబ్బు ముదురుతోందన్న సంగతి ఈ లెక్కలో ముందే కనపడొచ్చు.

కుక్క నాలుక బయటపెట్టి రొప్పడం మామూలే. పిల్లి అలా నోరు తెరిచి రొప్పుతోందంటే ఎదురుచూడకండి. వెంటనే బయలుదేరండి.

చిగుళ్లు

బొటనవేలితో పై పెదవిని మెల్లగా పైకెత్తండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిగురు లేత గులాబీ రంగులో, తడిగా, జారుడుగా ఉంటుంది. వేలితో ఒకసారి నొక్కి వదిలితే అక్కడ తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ల మీద నల్లటి మచ్చలు ఉంటాయి. కొన్నింటికి మొత్తం నలుపే. అలాంటప్పుడు కింది కనురెప్పను కాస్త కిందికి లాగి లోపలి రంగు చూడండి.

పాలిపోతే రక్తం తగ్గిందని. పసుపు పచ్చగా ఉంటే కామెర్లు. నీలంగా ఉంటే ఊపిరి అందడం లేదు. ఇటుక ఎరుపులో ఉంటే వడదెబ్బో, ఒంట్లో తీవ్రమైన ఇన్ఫెక్షనో. వీటిలో ఏది కనపడినా వచ్చే ఆదివారం దాకా ఆగకూడదు. చిగురు జిగటగా ఎండినట్టుంటే నీళ్లు చాలడం లేదు. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదలండి, చటుక్కున సర్దుకోకుండా గుడారంలా నిలబడితే ఆ అనుమానం నిజమే.

నాకు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం బాగా పనికొచ్చింది. బాగున్న రోజున, పగటి వెలుగులో, కిటికీ పక్కన ఒక ఫొటో. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా దాంతో పోల్చి చూసుకోవచ్చు.

అదే చేత్తో పళ్లు కూడా చూడండి. దవడ పళ్ల మీద గోధుమరంగు గార, నోటి దుర్వాసన ఉంటే శుభ్రం చేయించాలి. జంతువుల కోసం చేసిన పేస్టుతో బ్రష్ అలవాటు చేయండి. మన పేస్టు వద్దు, అవి ఉమ్మలేవు, మింగేస్తాయి.

కళ్లు, చెవులు

కంటి మూలల్లో ఎండిన పుసి ఉంటే సెలైన్‌లో తడిపిన దూదితో లోపలి నుంచి బయటికి తుడవండి. ఒక్కో కంటికి వేరే దూది. కన్ను సగం మూసి పెట్టుకున్నా, నీలిపొర కమ్మినట్టున్నా, ఇంట్లో ఉన్న కళ్ల చుక్కలు వేయకండి. కంటికి గీత పడి ఉంటే, స్టెరాయిడ్ ఉన్న చుక్కలు దాన్ని పుండు చేసేస్తాయి.

చెవిని ముందు వాసన చూడండి. పుల్లటి వాసన, తల విదిలించడం, పదే పదే గోక్కోవడం ఉంటే లోపల ఫంగస్ ఉండటమో, చీము పట్టడమో అయి ఉండొచ్చు. పిల్లి చెవిలో కాఫీ పొడిలా నల్లగా రాలుతుంటే చెవి పురుగులు కావచ్చు. కొబ్బరినూనె పోయడం, బడ్స్ పెట్టి తిప్పడం రెండూ వద్దు. కుక్క చెవి గొట్టం లోపల మలుపు తిరిగి ఉంటుంది, బడ్స్‌తో మురికి ఇంకా లోపలికే పోతుంది.

పిడుదులు: ఇక్కడ తొందరపడొద్దు

పది నిమిషాల్లో సగం దీనికే ఇవ్వండి. పిడుదులు అన్నా గోమార్లు అన్నా మన ఊళ్లలో కుక్కల ప్రాణం తీసేవాటిలో ఇవి ముందుంటాయి. వేడి, తేమ రెండూ వీటికి ఇష్టం కాబట్టి మన దగ్గర దాదాపు ఏడాది పొడవునా ఉంటాయి.

చెవి మడతల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తొడల సందుల్లో, తోక కింద, పాదాల వేళ్ల మధ్య చూడాలి. వెంట్రుకలకు ఎదురుగా వేళ్లు పోనిస్తూ తడమండి. చిన్నవి నువ్వుగింజంత గట్టిగా తగులుతాయి. రక్తం తాగి ఉబ్బినవి ఆముదం గింజలా బూడిద రంగులో వేలాడతాయి.

తీసేటప్పుడు ప్లక్కర్‌ను చర్మానికి ఆనించి, పిడుదు తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, ఒకే బలంతో నిదానంగా పైకి లాగండి. వచ్చినదాన్ని సబ్బు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయండి. గోళ్లతో చిదమకండి, దాని లోపలి రక్తం మన చేతులకు మంచిది కాదు. కిరోసిన్ పూయడం, అగరొత్తితో కాల్చడం ఊళ్లలో చేస్తుంటారు. అలా చేస్తే పిడుదు ఊడిపోకముందే తన కడుపులోది కుక్క ఒంట్లోకి కక్కుతుంది. చర్మం కాలడం సరేసరి.

ఇప్పుడు చాలామంది వదిలేసే సంగతి. కుక్క మీద మీకు కనపడేవి కొన్నే. కడుపు నిండిన ఆడ పిడుదు కుక్క నుంచి రాలిపోయి, గోడ పగుళ్లలోనో, తలుపు చట్రం సందులోనో, మంచం కిందో చేరి వేల గుడ్లు పెడుతుంది. మన దగ్గర కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే తరాలకి తరాలు పెరగగలదు. అందుకే స్నానం చేయించి, పౌడరు చల్లి ఊరుకుంటే రెండు వారాల్లో మళ్లీ మొదలవుతుంది. కుక్క పడుకునే గుడ్డలు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. మూలమూలలా చీపురు పెట్టండి. కుక్కకు డాక్టరు బరువు చూసి ఇచ్చే నెలవారీ బిళ్లో, మెడ మీద వేసే చుక్కల మందో ఒక్క నెల కూడా తప్పకుండా వాడండి. పశువుల మీద కొట్టే మందు కొలత లేకుండా నీళ్లలో కలిపి కుక్క మీద పోయడం ఇంకా జరుగుతోంది. దయచేసి అలా చేయకండి. నురగలు కక్కుతూ కొట్టుకుంటూ వచ్చే కుక్కల్లో ఇలాంటివీ ఉంటాయి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. కుక్కల పిడుదుల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. మందు వేసిన కుక్కని పిల్లి నాకినా ప్రమాదమే. అట్టమీద ఆ పేరు ఉందేమో చూడండి, షాపులో అడగండి.

పిడుదు కనపడిందని ప్రతిసారీ జ్వరం రాదు. కానీ తీసిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత మూడు వారాల పాటు తిండి తగ్గడం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, వీటిలో ఏదైనా ఉంటే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండటం ఈ జ్వరాల్లో తరచూ కనపడుతుంది. పిడుదుల నుంచి వచ్చే ఈ జ్వరాల్లో ఒకటైన ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడమంటారు. నాలుగో రోజుకే కుక్క లేచి అన్నం తింటుంది. అప్పుడు మందు ఆపేయాలనిపిస్తుంది, ఆపకండి. సగంలో ఆపితే జబ్బు లోపలే దాక్కుని నెలల తర్వాత ఎముక మూలుగ మీద దెబ్బ కొడుతుంది.

పొట్ట, నడుము, పాదాలు

ఒక చేతిని పిడికిలి బిగించి, రెండో చేత్తో ఆ పిడికిలి కణుపులను తడమండి. ఇప్పుడు దాని పక్కటెముకలు తడమండి, అవీ అలా గుచ్చుకుంటే బక్కచిక్కినట్టు. మీ చెయ్యి చాపి దాని వెనక వైపు తడమండి, పక్కటెముకలు ఆ ఎముకల్లా తగిలితే సరైన బరువు. ఎంత నొక్కినా తగలకపోతే తిండి తగ్గించి నడక పెంచాలి. ఇళ్లల్లో ఉండే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లుల్లో ఈ మూడో రకమే ఎక్కువ చూస్తున్నాను.

పొట్ట కింద చనుమొనల వరస వెంట వేళ్లు నడపండి. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో ఇక్కడ గడ్డలు వస్తాయి. బఠాణీ గింజంత ఉన్నప్పుడే పట్టుకుంటే తీసేయడం తేలిక. ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క విపరీతంగా నీళ్లు తాగుతూ, తిండి మాని, కింద చీములా కారుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమో చూపించాలి. బయటికి ఏమీ కారకుండా కూడా ఈ జబ్బు రావచ్చు, అది ఇంకా ప్రమాదం.

పాదాల కింద పగుళ్లు, ముళ్లు, వేళ్ల మధ్య ఎరుపు చూడండి. గోళ్లు నేల మీద టకటకలాడుతుంటే పెరిగాయని. చివర మాత్రమే కత్తిరించండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లేముందు మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీరు ఉంచలేకపోతే దానికీ కాలుతుంది.

మలమూత్రాలు, ముఖ్యంగా మగపిల్లి

ఇది ఆదివారం పని కాదు, రోజూ కన్ను వేయాల్సిందే. కుక్కపిల్లకి వాంతులతో పాటు దుర్వాసనతో రక్త విరేచనాలు మొదలైతే పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు అనుకుని పరుగెత్తండి. పెరుగన్నం, మెంతులతో ఒక పూట చూద్దామనుకునే జబ్బు కాదు అది. పూట పూటకీ ఒంట్లో నీరు పోతుంది.

మగపిల్లి పదే పదే ఇసుక తొట్టిలోకి వెళ్లి, వంగి కూర్చుని, ఏమీ రాక బయటికి వస్తోందా? అరుస్తోందా? కింద నాక్కుంటూనే ఉందా? చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు. అది మూత్రం అడ్డుపడటం కావచ్చు. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది, ఇసుకలాంటి పలుకులు చేరితే మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా ఆగకండి. ఇసుకలో రోజూ ఎన్ని తడి ఉండలు కడుతున్నాయో మీకు తెలిసి ఉంటే, ఈ ఒక్క జబ్బుని గంటల్లో పట్టుకోగలుగుతారు.

ఇంకొకటి. కుక్క ఒక రోజు ఉపవాసం ఉంటే తట్టుకుంటుంది. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది.

నీరసంగా ఉంటే జ్వరం చూడటం

ముక్కు పొడిగా ఉందని జ్వరం, తడిగా ఉందని ఆరోగ్యం అనుకోవద్దు. థర్మామీటర్ కొనకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, ఒక అంగుళం లోపలికి పెట్టాలి. ఒకరు తల దగ్గర పట్టుకుని మాట్లాడుతూ ఉండాలి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. పిల్లికి 100.5 నుంచి 102.5. మన లెక్క ప్రకారం జ్వరం అనుకుని టెన్షన్ పడి మందు వేసేవాళ్లు ఉన్నారు. 103 దాటితే డాక్టరుకి చెప్పండి. ఎండలో తిరిగొచ్చి 105 దాటి రొప్పుతుంటే వడదెబ్బ. నీడకి తెచ్చి, మామూలు కుళాయి నీళ్లు ఒంటి మీద పోస్తూ ఫ్యాన్ పెట్టి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముక్కు అణిగి ఉండే పగ్, షిట్జు జాతులకి ఇది ఇంకా త్వరగా వస్తుంది.

మన మందుల డబ్బా, మన వంటిల్లు

పారాసిటమాల్ పిల్లికి ఇవ్వకండి. సగం బిళ్ల కూడా వద్దు, పిల్లల సిరప్ చుక్క కూడా వద్దు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు మట్టి రంగుకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలు దెబ్బతీస్తాయి. కాలు కుంటుతోందని జాలితో మన నొప్పి బిళ్ల వేయడం వల్ల జరిగే నష్టం ఇది.

మిగిలిన బిర్యానీ, సాంబారు, కూర పెట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, కుక్కకన్నా పిల్లికి ఇంకా ఎక్కువ. పాయసంలో కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు పడవు. ఉడికించిన కోడి ఎముక సూదుల్లా చీలుతుంది. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచిన కుక్కకి కండ పట్టదు, గుడ్డు, ఎముక తీసిన మాంసం కలపండి. పిల్లి అయితే మాంసం లేకుండా బతకలేదు. టారిన్ అనే పదార్థం దానికి మాంసాహారం నుంచే అందాలి, లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు పడతాయి.

బీరువాలో కలరా ఉండలు వాటికి అందకుండా పెట్టండి. ఫినాయిల్‌తో నేల తుడిస్తే పూర్తిగా ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానీయకండి. అది నడుస్తుంది, తర్వాత పాదాలు నాక్కుంటుంది.

నోట్‌బుక్ మొదటి పేజీ

టీకాల తేదీలు ఇక్కడ. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకటి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన బూస్టర్, ఏటా ఒకటి. ఇంట్లోంచి కదలని పిల్లికి కూడా రేబిస్ టీకా వేయించండి. నులిపురుగుల మందు పెద్దవాటికి సాధారణంగా మూడు నెలలకోసారి.

కుక్క గానీ పిల్లి గానీ, మీదే అయినా సరే, కరిచినా గోరు గీరి రక్తం వచ్చినా ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, టీకా అక్కడ ఉచితం. బొడ్డు చుట్టూ 14 సూదులు పాత మాట. ఇప్పుడు భుజానికి, మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు కాబట్టి ఒక్క డోసు కూడా మానకండి.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రి నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబరు కూడా అదే పేజీలో రాయండి. ఊళ్లో డాక్టరు ఎక్కువగా ఆవులు, గేదెలు చూసేవారైతే, పెద్ద పరీక్షలకి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి: హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

బయలుదేరేటప్పుడు నోట్‌బుక్, చిగుళ్ల ఫొటో ఉన్న ఫోన్, చిన్న డబ్బాలో ఆ రోజు మలం కొంచెం, తీసిన పిడుదు ఉంటే అదీ తీసుకెళ్లండి. పిల్లిని చేతుల్లో కాకుండా మూత ఉన్న బుట్టలో పెట్టి, పైన పాత చీర ముక్క కప్పండి. చీకటిగా ఉంటే ఆటోలో గోల చేయకుండా కూర్చుంటుంది.